దోమల మీదికి దండు నడిపిన రొనాల్డ్ రాస్

చోడవరం, ఆగస్టు 20: చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కే దారి అనగానే మన పెద్దలకు రెండు సంగతులు గుర్తుకొచ్చేవి. ఒకటి కొండ సరుకు, రెండోది చలిజ్వరం. పసుపు కోసమో, చింతపండు కోసమో కొండమీది సంతలకు వెళ్లి నాలుగు రాత్రులు అక్కడ పడుకుని దిగివచ్చిన మనిషి రెండు వారాలు తిరగకుండా దుప్పటి మీద దుప్పటి కప్పుకుని వణికిపోయేవాడు. మన్యం నీళ్లు పడలేదనేవారు. కొండగాలి తగిలిందనేవారు. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి మన్యంలోకి వచ్చిన తెల్లదొరల పటాలాలను కూడా ఈ జ్వరం వదలలేదు.

తప్పు నీళ్లదీ కాదు, గాలిదీ కాదు, దోమదని తేలడానికి దారి చూపిన రోజు 1897 ఆగస్టు 20. తేలిన చోటు కూడా దూరదేశం కాదు, మన తెలుగు నేల మీది సికింద్రాబాదు. కనిపెట్టిన డాక్టరు రొనాల్డ్ రాస్. అందుకే ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. రాస్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాల్లో కనిపిస్తుంది. ఆ వాక్యాలు మైక్రోస్కోపు దగ్గర ఆగిపోతాయి. కనిపెట్టిన దాన్ని పట్టణాల చేత, పాలకుల చేత ఆచరణలో పెట్టించడానికి ఆయన పడిన పాట్లు అంతకంటే పెద్ద కథ. చిన్న ఊళ్ల పాలకులకు పనికివచ్చేది కూడా ఆ కథే.

పుట్టింది కొండల్లోనే

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాల్లోని అల్మోరాలో జన్మించారు. సిపాయిల తిరుగుబాటు రగిలింది కూడా అదే నెలలో. తండ్రి ఇంగ్లీషు సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో ఈయన పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపేశారు. కుర్రవాడికి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం, లెక్కలు ఇష్టం. డాక్టరు చదువు తండ్రి పట్టుదల. లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో చేరినా మనసు పెట్టి చదవలేదు. కొన్నాళ్లు ఓడల మీద డాక్టరుగా తిరిగి, ఇండియన్ మెడికల్ సర్వీసు పరీక్ష నెగ్గి 1881లో మద్రాసు చేరారు.

తొలి ఏళ్లలో ఆయనకు వైద్యం మీద కంటే కథలు, పద్యాలు రాసుకోవడం మీదే ధ్యాస ఎక్కువ. సైనిక ఆసుపత్రిలో ఉదయం పని అయిపోతే మిగతా రోజంతా ఖాళీయే. అయితే బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన బంగళాలో దోమలు తెగ కుట్టేవి. ఎక్కడివా అని వెదికితే కిటికీ పక్కనున్న నీళ్ల తొట్టి కనిపించింది. అందులో దోమ పురుగులు బిలబిలలాడుతున్నాయి. తొట్టి బోర్లించేశారు. దోమలు తగ్గాయి. వెంటనే వెళ్లి, అధికారుల భోజనశాల దగ్గరున్న తొట్లు, పూలకుండీలు కూడా అలాగే ఒంపిద్దామని పటాలం అధికారికి చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. దోమలను దేవుడు ఏదో పని మీద పుట్టించి ఉంటాడు, వాటిని భరించడమే మన ధర్మం అన్న ధోరణిలో మాట్లాడి పంపేశారట.

అప్పటికి దోమకు, జ్వరానికి సంబంధం ఉందని రాస్‌కు కూడా తెలియదు. కానీ ఆ తొట్టి, ఆ అధికారి జవాబు రెండూ జీవితాంతం ఆయన వెంట వచ్చాయి. ఊరికో తొట్టి, ఊరికో అధికారి ఎదురవుతూనే వచ్చారు.

ఒక్కో దోమకు ఒక అణా

1888లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్రజారోగ్యంలో డిప్లొమా చదివారు. అప్పటి నుంచి మనిషిలో మార్పు వచ్చింది. 1889లో రోసా బెస్సీ బ్లాక్సమ్‌తో పెళ్లయింది. 1894లో మళ్లీ లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు పరిచయమయ్యారు. మలేరియా రోగి నెత్తుటిలో ఉండే క్రిమిని ఫ్రెంచి సైనిక డాక్టరు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో చూశారు. ఆ క్రిమిని మాన్సన్ రాస్‌కు మైక్రోస్కోపులో చూపించి, ఇది దోమలోకి వెళుతుందేమోనని తన అనుమానం చెప్పారు. ఆ అనుమానాన్ని మూటగట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాదు పటాలానికి వచ్చారు.

పని మొదలుపెట్టి నాలుగు నెలలు తిరగకముందే బెంగుళూరులో కలరా. అక్కడి పారిశుద్ధ్యం చక్కదిద్దమని ప్రభుత్వం రాస్‌ను పంపింది. దోమల పని మూలపడింది. ఏడాదికి పైగా ఆయన బతుకు బెంగుళూరు కాలువలు, పెంటకుప్పలు, బావుల మధ్య గడిచింది. శాస్త్రజ్ఞుడి కాలం వృథా అయిందని ఆయన జీవితం రాసినవారు కొందరు బాధపడతారు. ఈ విలేఖరికి అలా తోచదు. ఊరు ఎలా మురికి అవుతుందో, మురుగు తీయించాలంటే ఎవరి గుమ్మం ఎక్కాలో, ఎవరి సంతకం కావాలో ఆయన నేర్చుకున్నది అక్కడే. తర్వాత ఆయన రాసిన ప్రతి సలహాలోనూ ఆ వాసన ఉంది.

1897 ఏప్రిల్‌లో నీలగిరుల కింద సిగూరు లోయకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నారు. జూన్‌లో సికింద్రాబాదు తిరిగి వచ్చారు. అక్కడ హుసేన్ ఖాన్ అనే రోగి దొరికాడు. దోమతెరలో అతన్ని పడుకోబెట్టి, గుడ్ల నుంచి పెంచిన దోమలను లోపలికి వదిలి కుట్టించేవారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవారు. తర్వాత ఆ దోమలను ఒక్కొక్కటే కోసి మైక్రోస్కోపు కింద వెదికేవారు. పంకా వేస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయి కనుక ఆగస్టు ఉక్కలో గాలి లేకుండానే కూర్చునేవారు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి.

అప్పటిదాకా కోసినవన్నీ వేరే జాతి దోమలు. వందల కొద్దీ కోసినా ఏమీ దొరకలేదు. ఆగస్టు మధ్యలో రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు దొరికాయి. అవే అనాఫిలిస్. హుసేన్ ఖాన్‌ను కుట్టిన అలాంటి దోమను 20వ తేదీన కోసినప్పుడు, పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమికే ప్రత్యేకమైన నల్లటి రేణువులు కనిపించాయి. మరునాడు మరో దోమలో అవి ఇంకా పెద్దవై కనిపించాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతోందన్నమాట.

ఇంక నాలుగడుగులు వేస్తే కథ పూర్తి. సెప్టెంబరులో బదిలీ ఉత్తర్వు వచ్చింది, మలేరియా పెద్దగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు! చివరకు 1898లో కలకత్తా పంపాక, మనుషులకు బదులు పిట్టల మలేరియా తీసుకుని మిగతాది తేల్చారు. క్రిమి దోమ పొట్ట నుంచి దాని లాలాజల గ్రంథికి చేరుతుందని, మళ్లీ కుట్టినప్పుడు కొత్త ప్రాణి నెత్తుటిలోకి దిగుతుందని ఆ జులైలో చూపించారు. మనుషుల మలేరియా విషయంలో ఈ చక్రాన్ని పూర్తిగా నిరూపించింది ఇటలీకి చెందిన గ్రాసీ బృందం. ఘనత ఎవరిదన్న దాని మీద రాస్, గ్రాసీ బతికినంతకాలం పోట్లాడుకున్నారు. ఆ తగవులో రాస్ నోరు మంచిది కాదని ఆయన్ని అభిమానించేవారు కూడా ఒప్పుకుంటారు. 1902 నోబెల్ బహుమతి మాత్రం రాస్‌కే వచ్చింది.

కనిపెట్టారు సరే, దోమను ఎవరు చంపాలి?

1899లో ఉద్యోగం వదిలి రాస్ ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్య విద్యాలయంలో చేరారు. ఆయన ఆలోచన సూటిగా ఉండేది. దోమ గుడ్డు పెట్టేది నిలవ నీటిలో. గుడ్డు పగిలి పురుగై, రెక్కలొచ్చి ఎగరడానికి వేడి దేశాల్లో దాదాపు ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ పురుగు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. నీటి మీద పలుచగా కిరసనాయిలు పొర వేస్తే ఊపిరాడక చస్తుంది. కాబట్టి వారానికి ఒక్కసారి ఊళ్లోని ప్రతి నిలవ నీటినీ ఒంపో, పూడ్చో, నూనె చల్లో వస్తే కొత్త దోమ పుట్టదు. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. బకెట్లు, పారలు, నూనె డబ్బాలు పట్టుకుని తిరిగే మనుషులు కొందరు, వారిపైన జవాబుదారీగా ఒక్కడు చాలు. దీనికి ఆయన దోమల దండు అని పేరు పెట్టి, ఎలా నడపాలో 1902లో పుస్తకమే రాశారు.

మొదట ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ నగరంలో ప్రయత్నించారు. గ్లాస్గో దాత ఒకరు డబ్బిచ్చారు. కూలీలు ఇంటింటికీ తిరిగి పగిలిన సీసాలు, డబ్బాలు బళ్లకెత్తారు. గుంతలు పూడ్చారు. కానీ దాత డబ్బుతో నడిచే పని ఎంతకాలం నడుస్తుంది? అక్కడి పాలకులు దాన్ని తమ పనిగా నెత్తికెత్తుకోలేదు. నిలకడైన ఫలితం దక్కలేదు.

ఇస్మాయిలియా లెక్క

ఈజిప్టులో సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా అనే చిన్న పట్టణం ఉంది. కొద్దివేల జనాభా. కాలువ కంపెనీ ఉద్యోగులు, కూలీలు, వారి కుటుంబాలు. ఊరి పాలనంతా కంపెనీ చేతిలోనే ఉండేది. ఎడారిలో ఊరు కనుక తాగునీటికి, తోటలకు నైలు నది నుంచి మంచినీటి కాలువ తవ్వించారు. నీళ్లొచ్చాయి, పచ్చదనం వచ్చింది. 1877 నుంచి వాటి వెంట మలేరియా వచ్చింది. కాలువ ఊటతో ఊరి చుట్టూ ఇసుకలో చిత్తడి మడుగులు ఏర్పడ్డాయి. జ్వరాలు ఏటికేడు పెరిగాయి. 1900లో 2,284 కేసులు, 1901లో 1,990. జ్వరం రాని ఇల్లు లేదు. కంపెనీ ఆసుపత్రి కట్టింది, క్వినైన్ పంచింది. జ్వరం మాత్రం ఊరు వదలలేదు.

1902 సెప్టెంబరులో కంపెనీ పిలుపు మీద రాస్ అక్కడికి వెళ్లారు. కొద్దిరోజులే ఉన్నారు. మడుగులు చూశారు, ఇళ్ల కింద మురుగు గుంతలు చూశారు. మలేరియా దోమ చిత్తడి మడుగుల్లో పుడుతోంది, మామూలు దోమ మురుగు గుంతల్లో పుడుతోంది. మడుగులు పూడ్చండి, కాలువలకు వాటం సరిచేయండి, ఇళ్ల గుంతల్లో వారం వారం నూనె పోయించండి అని చెప్పి వచ్చేశారు.

ఆయన చెప్పినదానికంటే, ఆ తర్వాత అక్కడివాళ్లు చేసింది గొప్ప. నివేదికను బీరువాలో పెట్టకుండా ఆ ఏడాదే పని మొదలుపెట్టారు. పూడ్చేవి పూడ్చారు. ఒక చిన్న దండును జీతం మీద పెట్టి ప్రతి ఇంటికీ వారానికోసారి పంపారు. పెద్ద దొర ఇల్లయినా, కూలీ గుడిసె అయినా గుంత మూత తీసి నూనె పోసి వెళ్లాల్సిందే. జ్వరాల లెక్క రాయడం మానలేదు. 1902లో 1,551 కేసులు. 1903లో 214. 1904లో 90. 1905లో 37.

ఈ అంకెలు తెలిసిన చోటల్లా పేరు మోగిపోయింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక చిన్న ఊరి యాజమాన్యం వారం తప్పకుండా మనుషుల్ని పంపింది, అంతే. డబ్బున్న కంపెనీ కనుక చేయగలిగిందని అనేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అంత డబ్బూ అంతకు ముందు పాతికేళ్లుగా ఉంది.

లాహోరు దగ్గర ఎదురుదెబ్బ

అదే సమయంలో మన దేశంలో దీనికి పూర్తిగా ఎదురు కథ నడిచింది. లాహోరు దగ్గరి మియాన్ మీర్ సైనిక స్థావరంలో 1902లో దోమల నిర్మూలన ప్రయోగం మొదలైంది. చుట్టూ సాగునీటి కాలువలు. స్థావరంలో కొంత మేర మాత్రమే పనిచేశారు. చాలీచాలని ఖర్చు. పక్క నేల నుంచి దోమలు వచ్చి వాలుతూనే ఉన్నాయి. కొన్నేళ్లు సాగదీసి, ఈ పద్ధతి మన దేశానికి పనికిరాదని ప్రభుత్వ డాక్టర్లు తేల్చేశారు. రాస్ మండిపడ్డారు. సగం వండి అన్నం బాగోలేదంటే ఎలా అన్నది ఆయన వాదన సారాంశం. రాస్‌కు వ్యతిరేకంగా మాట్లాడినవారు కూడా తెలివితక్కువవారు కాదు. అంత విశాలమైన పంట కాలువల దేశంలో ఊరూరా నూనె చల్లడం అయ్యేపని కాదన్నది వారి భయం. ఎవరి మాట ఎంత సరైనదైనా, దాంతో మన దేశంలో ఊరి పాలకులకు ఒక సాకు దొరికింది. దోమలను తగ్గించడం మన వల్ల కాదు, జ్వరం వస్తే క్వినైన్ ఇద్దాం అన్న మాటే చాలాకాలం నడిచింది.

మారిషస్‌లో తెలుగు కూలీల బిడ్డల మధ్య

1907లో రాస్ మారిషస్ దీవికి వెళ్లారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కోరంగి రేవు మీదుగా చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారు స్థిరపడ్డ దీవి అది. 1860ల చివర్లో అక్కడ మలేరియా విరుచుకుపడి వేలాదిమందిని బలిగొంది. రాస్ తోట తోటకీ వెళ్లి, పిల్లలను వరుసగా నిలబెట్టి డొక్కలో చెయ్యి పెట్టి చూసే పద్ధతి పాటించారు. మలేరియా పదేపదే వస్తే ప్లీహం ఉబ్బుతుంది. మనవాళ్లు కడుపులో బల్ల అంటారు, అదే. వందమంది పిల్లల్లో ఎందరికి బల్ల ఉందో లెక్కవేస్తే ఆ ఊళ్లో మలేరియా ఎంత ఉందో తెలిసిపోతుంది. సూది అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు.

అక్కడే ఆయన చిన్ననాటి లెక్కల పిచ్చి అక్కరకొచ్చింది. ఒక్క దోమ మిగలకుండా చంపితే తప్ప జ్వరం పోదని అందరూ నిరాశపడుతుంటే, అది తప్పని లెక్క కట్టి చూపించారు. క్రిమిని మోసే దోమ ఒక రోగి నుంచి మరో మనిషికి చేరాలంటే చాలా దోమలు, చాలా అవకాశాలు కావాలి. దోమలను ఒక హద్దు కంటే కిందికి తగ్గిస్తే చాలు, పాత రోగులు కోలుకున్నంత వేగంగా కొత్త రోగులు తయారు కారు. జ్వరం తనంతట తానే సన్నగిల్లుతుంది. 1910లో వెలువడిన ఆయన మలేరియా గ్రంథంలో ఈ లెక్క ఉంది. తర్వాతి కాలంలో అంటువ్యాధుల గణితమంతా ఈ పునాది మీదే లేచింది. కరోనా రోజుల్లో టీవీల్లో ఒక రోగి ఎందరికి అంటిస్తాడని డాక్టర్లు లెక్కలు చెప్పారు గదా, దాని తాత ఇదే.

1911లో సర్ బిరుదు వచ్చింది. 1926లో లండన్‌లో ఆయన పేరిట రాస్ సంస్థ వెలిసింది. ముసలితనంలో మాత్రం తనకు తగిన ప్రతిఫలం దక్కలేదన్న అసంతృప్తి ఎక్కువైంది. 1928లో తన పాత కాగితాలు అమ్ముకున్నారు. భార్య 1931లో, ఆయన 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

ఆయన తర్వాత మన దగ్గర

స్వాతంత్య్రం నాటికి మన దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం వచ్చింది. డీడీటీ కొట్టే మనుషులు ఊరూరా వచ్చారు. జ్వరం ఉందా అని అడిగి గోడ మీద తేదీ వేసి వెళ్లే మలేరియా వర్కరు మన పెద్దలందరికీ గుర్తే. 1961 నాటికి కేసులు 50 వేల దరిదాపులకు పడిపోయాయి. జబ్బు పోయిందనుకున్నారు. వర్కర్లు రావడం తగ్గింది, డీడీటీ సరఫరా కుంటుపడింది, దోమలు మందుకు అలవాటుపడ్డాయి. 1976లో లెక్క చూస్తే 64 లక్షల కేసులు!

పట్టణాల కోసం 1971లో వేరే పథకం పెట్టారు. అందులో ఉన్న పని ఏమిటంటే, మునిసిపాలిటీ మనుషులు వారానికోసారి నిలవ నీటిలో మందు చల్లడం. డెబ్బై ఏళ్లు తిరిగి మళ్లీ రాస్ దగ్గరికే వచ్చారు. నేడు మన పల్లెల్లో ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే అంటూ గోలేలు, కుడితి తొట్లు ఒంపించడం కూడా అదే వారం లెక్క. వారంలో ఏ రోజైనా ఫరవాలేదు, మధ్యలో ఒక వారం తప్పితేనే చిక్కు. పంచాయతీలో ఆ ఒక్క వారం ఎందుకు తప్పుతుందో రాస్ పుస్తకంలో ఉండదు గానీ, కాలువ పూడిక తీసే మనిషికి జీతం ఎన్ని నెలలు ఆలస్యమైందో అడిగితే తెలుస్తుంది.

ఒక్క సంగతి మాత్రం రాస్‌కు అనుకూలంగా చెప్పలేం. మన కొండల్లో మలేరియా మోసే దోమల్లో ఒక రకం మురుగులో కాదు, గలగల పారే గెడ్డల అంచుల్లో గుడ్లు పెడుతుంది. కొండ గెడ్డల నిండా కిరసనాయిలు పోయలేం గదా. అందుకే ఏజెన్సీలో ఇంటి గోడలకు మందు కొట్టడం, మందు పట్టించిన దోమతెరలు పంచడం ముఖ్యమయ్యాయి. ఇప్పుడు పాడేరు, చింతపల్లి 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మనం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం. జిల్లాలు విడిపోయినా ఘాటీ దారిలో జనం, సంతలు, వాటితో పాటు జ్వరం అలాగే వస్తూ పోతూ ఉంటాయి.

రాస్ పనిచేసిన బంగళా హైదరాబాదులోని బేగంపేట పాత విమానాశ్రయం సమీపంలో ఉంది. ఆయన పేరిట ఉన్న ఆ పరిశోధన కేంద్రం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది. హుసేన్ ఖాన్ పేరు రాస్ తన రాతల్లో దాచలేదు. అణా చొప్పున తీసుకుని దోమలతో కుట్టించుకున్న ఆ రోగి ఏ ఊరివాడో, తర్వాత ఏమయ్యాడో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.